ఒక్క చెయ్యి లేచినా

జూన్ 3
మా పిండి గిర్నీ మోటారు కాలిపోయింది. ఎవరివో జొన్నలు సగం పిండి, సగం గింజలుగా ఉండిపోయాయి. మెకానిక్ పెదవి విరిచాడు — కొత్తది కొనాల్సిందే. ఫైనాన్సు అతను నూటికి ఐదు రూపాయల మిత్తి అన్నాడు. అదీ మొదటి నెలది ముందే పట్టుకుంటాడట. పక్కింట్లో కుట్టుమిషన్ ఆపి తాహెరా గోడ మీదుగా అంది, "మా పొదుపు సంఘంల చేరు అక్కా. గిప్పుడన్న చేరు."
నవ్వాను. పన్నెండేళ్లు చిట్టీలు నడిపినదాన్ని. ఇప్పుడు వెళ్లి ఇంకొకరి చాప మీద కూర్చోవాలట.

జూన్ 5
వెళ్లాను. ఊరికే, చూసొద్దామని. లెక్కలు రాసే ఆమె పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఈ ఊళ్లో ఉండేవాళ్లకే సభ్యత్వం. ప్రవేశ రుసుము, వాటా ధనం ఒక్కసారే, పొదుపు నెలనెలా. ఆధార్, రెండు ఫొటోలు, ఇద్దరు పాత సభ్యుల సంతకాలు. ఆరు నెలలు పొదుపు కడితే దానికి మూడింతల దాకా అప్పు. భూమి కాయితం అక్కర్లేదు, ఇద్దరు సభ్యులు జామీను ఉంటే చాలు. "మిత్తి నూటికి రూపాయే. గది సుత మల్ల మనకే వస్తదక్కా, సంఘం మనదే గదా."
తప్పు పట్టడానికే విన్నాను. దొరకలేదు. చిట్టీ పాటలో ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే ఎక్కువ వదులుకుంటారు. ఆ వదులుకున్నది మిగతావాళ్లు పంచుకుంటారు. ఇక్కడ పాటే లేదు. ఎందుకో సిగ్గేసింది.

జూన్ 6
ఫారం తెచ్చుకున్నాను. ఆరు నెలలు ఎలాగూ ఆగాలి… అయినా తెచ్చుకున్నాను.

జూన్ 9
మెలిక ఇదీ. కొత్తవాళ్ల పేరు వాడకట్టు మీటింగులో చదువుతారు. వద్దని ఒక్క చెయ్యి లేచినా ఆగిపోతుంది. మా వాడకట్టు సభ్యుల్లో యాదమ్మ ఉంది.
నా ఆఖరి చిట్టీలో ఆఖరి పేరు యాదమ్మది. ఒకడు ముందే పాడుకుని, డబ్బు తీసుకుని, రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేశాడు. గొలుసు, గాజులు అమ్మి అందరికీ ఇచ్చాను. యాదమ్మ దగ్గరికి వచ్చేసరికి సగమే మిగిలింది. తొందరపడి పాడొద్దు, ఓపిక పడితే మొత్తం వస్తుంది అని ఆమెకు చెప్పింది నేనే.

జూన్ 12
తాహెరా సంతకం పెట్టింది. ఫారం చదవనైనా లేదు. రెండో సంతకానికి అంజమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కూడా సభ్యురాలే, నా పాత చిట్టీల మనిషి. "నువ్వంటే పానం అక్కా. సంతకమంటెనే భయం." టీ మాత్రం పోసింది.

జూన్ 14
హైవే పక్కన యాదమ్మ బజ్జీల బండి. అడుగుదామనే వెళ్లాను. ఇరవై రూపాయల బజ్జీలు కొన్నాను. అడగలేదు. చెయ్యి తగలకుండా చిల్లర పెట్టింది. "కారమున్నయ్, చూస్కొని తిను" — మూడేళ్లలో ఆమె నాతో అన్న మొదటి మాట.

జూన్ 21
ఒక్క సంతకంతోనే ఫారం తీసుకున్నారు, రెండోది మీటింగు రోజు పెట్టించుకోవాలట. తిండి సయించడం లేదు. మోటారు కోసం కాదు. ఇన్నేళ్లు అందరి పేర్లూ నేను చదివాను. ఇప్పుడు నా పేరు ఎవరో చదువుతారు, అందరూ వింటారు… భయంగా ఉంది.

జూన్ 25
మీటింగు. చర్చ అయ్యేదాకా నన్ను వరండాలో కూర్చోమన్నారు. చెప్పుల పక్కన. కిటికీ తెరిచే ఉంది. పేరు చదివారు. తర్వాత యాదమ్మ గొంతు.
"నా పైసలు సగం ఇంక రాలే. గది అందరికి ఎర్కే. బయటుంటె మల్ల చిట్టీ వెడ్తది. లోపలుంటె నెలకొకసారి నా ముందట కూసుంటది. రెండో సంతకం నేనే వెడ్త. తే కాయితం."
ఎవరో నవ్వారు. తర్వాత అందరూ. నేను తప్ప.
అవమానమే. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. కానీ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

జూలై 2
పాసుబుక్కు వచ్చింది. ఫొటోలో నాది దొంగముఖం. ఇక చిట్టీలు నడపనని ఇంకో కాయితం మీద సంతకం చేయించుకున్నారు. చేశాను.

జూలై 9
గిర్నీ మూసే ఉంది. జనం కట్టంగూరు వెళ్లి పిండి పట్టించుకుంటున్నారు. అలవాటైతే మళ్లీ రారు.

జూలై 13
అంజమ్మ వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. "పది మందిమున్నం. ఒక్క చిట్టీ వెయ్యక్కా. సంఘంల ఆర్నెల్లు ఎవరాగుతరు? నీ కమీషన్ల మోటరే వస్తది. నీ మీద మాకు నమ్మకం."
సంతకం పెట్టడానికి మాత్రం లేకపోయింది ఆ నమ్మకం.
వద్దు అనాలి. నోటిదాకా వచ్చింది. "చూద్దాం" అన్నాను.
యాదమ్మకు తెలియనియ్యకు అంది. సరే అన్నాను.
ఎల్లుండి నెలవారీ పొదుపు మీటింగు, సభ్యురాలిగా నాకు మొదటిది. పొద్దున బండి దగ్గర యాదమ్మే పిలిచి చెప్పింది — "జర జల్ది రా. నా పక్కకు జాగ ఆపి వెడ్త."