ఫోర్‌మన్ గోల్‌లో నిలబడ్డ శుక్రవారం

తమ్మీ రాజన్నా,

నా కోడిగీతల రాతకు, తప్పులకు ఏమీ అనుకోకు. నువ్వు ఇక్కడి నుంచి ఇంటికి పోయి నేటికి ఏడాది.

"ఇటుకలు పట్టే చేతులకు బంతి దొరుకుతదారా?" అని ఫోర్‌మన్ నిన్ను క్యాంపు ఫుట్‌బాల్ జట్టులోంచి తీసేశాడు గదా. ఆ మాట నేను మరువలేదు.

మొన్న శుక్రవారం ఈ ఒమన్ దేశంల మన ఇబ్రి కూలీల క్యాంపుకు, ఆట చూపేందుకు హోండురాస్ గోల్‌కీపరొకాయన వచ్చాడు. పదిహేనేళ్లు దేశం తరఫున ఆడి రిటైరైనాడట. ఫోర్‌మన్ కొట్టిన అయిదు బంతులూ చెప్పులు విప్పకుండానే పట్టేశాడు. ఎక్కడ నేర్చుకున్నాడో ఆయన భాష వచ్చిన డ్రైవరు చేత అడిగించాను. చిన్నప్పుడు సైటులో, కింది నుంచి విసిరే ఇటుకలు అందుకుంటూ నేర్చుకున్నాడట. అందరూ ఫోర్‌మన్ వైపు చూశారు.

ఎన్నడూ నోరు విప్పని నేను, "ఇప్పుడు నువ్వు గోల్‌లో నిలబడు సారూ" అన్నాను. క్యాంపంతా నవ్వేసరికి తప్పక నిలబడ్డాడు. పొట్టకు గురిచూసి మూడు కొట్టాను. ఒక్కటీ పట్టలేకపోయాడు.

నాకింకా కసి తీరలేదు. వచ్చే శుక్రవారం ఎన్ని కొట్టమంటావో త్వరగా జవాబు రాయి.