డెన్మార్కు రాజుగారి దగ్గర చిక్కుకున్న నా ఓటు

విల్లో ఫోర్క్, నెబ్రాస్కా,
1920 అక్టోబరు.

కౌంటీ ఎన్నికల అధికారి టిల్లట్‌సన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఈ ఊళ్లోనే పుట్టిన నన్ను పరదేశిగా లెక్కగట్టి ఓటర్లలో చేర్చకపోవుట గురించి.

లవినియా థోర్‌సేగర్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. తమ కచేరీ ముందున్న బావి తవ్వించినది మా తండ్రిగారు. దాని ఎదురింట్లోనే నేను పుట్టాను. అయినను, డెన్మార్కు నుంచి వచ్చిన యెప్పె థోర్‌సేగర్ గారిని పెళ్లాడిన కారణం చేత, చట్టప్రకారం నేనును ఆ దేశపు మనిషినేనట. ఆ దేశాన్ని నేను పటంలో తప్ప చూడలేదు.

2. మా ఆయన పౌరసత్వానికి తొలి కాగితం మాత్రం దాఖలు చేసి ఊరుకున్నారు. మొన్నమొన్న చట్టం మారేదాకా ఆ కాగితంతోనే పరదేశి మగవారు ఇక్కడ ఓటు వేశారు. ఆయన లోపల ఓటు వేస్తుంటే నేను బయట గుర్రాన్ని పట్టుకుని నిలబడేదాన్ని. అప్పుడు ఆడదాన్నని లేదన్నారు. ఈ ఏడు ఆడవాళ్లకూ ఓటు వచ్చేసరికి, ఇప్పుడు పరదేశినని లేదంటున్నారు.

3. చర్చి నేలమాళిగలో నమూనా బ్యాలెట్ల మీద గుర్తు పెట్టడం ఊరి ఆడవాళ్లకు నేర్పినది నేనే. తమ శ్రీమతిగారు మొదట, ఎవర్నీ నొప్పించడమెందుకని, పోటీలో ఉన్నవారందరికీ గుర్తు పెట్టారు. ఆవిడ ఇప్పుడు ఓటరు. సంతోషమే. కడుపు మండుతున్నదని కూడా మనవి.

4. ఆయన పౌరుడైతే నేనూ పౌరురాలినే గనుక, రెండవ కాగితం తీసుకోమని మా ఆయన్ని బతిమాలాను. అందుకు ఆయన కోర్టులో డెన్మార్కు రాజును వదులుకున్నట్టు ప్రమాణం చేయాలి.

"మా అమ్మని ఆ మట్టిలో పెట్టొచ్చాను లవినియా. ఆ దేశం నాది కాదని ఎట్లా అనమంటావు?" అన్నారు.

ఆయన మంచివారు. అదే నా కర్మ.

5. ఇదంతా తమ గుమాస్తాకు చెప్పుకున్నాను. ఆయన మర్యాదగానే చెప్పారు: "విడాకులన్నా కావాలి, ఆయన పోనన్నా పోవాలమ్మా. అప్పుడు రండి, రాసేస్తాను."

కావున తాము పైవారికి రాసి, ఈ రెండూ కాని దారి ఒకటి చూపించగలందులకు ప్రార్థిస్తున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఏ దేశపు విధేయురాలినో తమరే తేల్చవలెను),
లవినియా థోర్‌సేగర్

తా.క.: గుమాస్తా మాట విని ఇంటికొచ్చేసరికి మా ఆయన కాఫీ ముందు కూర్చుని దగ్గుతున్నారు. ఏటా ఈ చలికి వచ్చే దగ్గే. తేనె సీసా అందుకోబోయి ఆగాను. ఆ దగ్గు ఎంత లోతు నుంచి వస్తోందోనని చెవి పెట్టి విన్నాను. తర్వాత తేనె ఇచ్చాను. నాకు నన్ను చూస్తేనే భయం వేస్తోందయ్యా. తొందరగా ఏదో ఒకటి చేయండి.