అప్పన్న కోడె, సయాం ఏనుగు

విజయనగరం,
ఫిబ్రవరి 1968

అప్పలసూరి మావయ్యకి, కోడె తొక్కిన కాలితోనే గణపతిరావు నమస్కారాలు.

నాకు కాలేజీలో ఇంగ్లీషు ట్యూటరు ఉద్యోగం వస్తే సింహాద్రి అప్పన్నకి కోడెనిస్తానని నువ్వు మొక్కుకున్నావు. సంతోషం. మొక్కు తీర్చేదాకా దాన్ని తెచ్చి నా అద్దింటి పెరట్లో కట్టేసి పోవడమేటి? దేవుడిది కనక కొట్టకూడదు, బండికి కట్టకూడదు, అమ్మకూడదు. మేత మాత్రం నేను పెట్టాలి! నిన్న ఇంటి యజమానురాలు లక్ష్మీనరసమ్మగారి పట్టుచీర నమిలేసింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటోంది ఆవిడ. నీకు పుణ్యముంటుంది, వచ్చి తోలుకుపో.

నిద్రలేని నీ మేనల్లుడు

తా.క.: సగం చీర దొరికింది. మిగతా సగం కోసం ఆవిడ పేడ దగ్గర కాపలా కాస్తోంది.

చీపురుపల్లి

ఒరే గణపతీ, మావ దీవెనలు.

మొక్కింది నీకోసం, మేత నువ్వు కాక ఎవులేస్తారు? నాకు పెసర కోతలున్నాయి. అయినాక వస్తాను. దాన్ని తిట్టకు, అప్పన్న సూస్తన్నాడు.

అప్పలసూరి

తా.క.: దానికి ఉలవలిష్టం. ఉడకబెట్టి ఎయ్యి.

విజయనగరం,
ఏప్రిల్

మావయ్యకి, ఉలవలు ఉడకబెడుతూ రాస్తున్నాను.

కోతలై ఎన్నాళ్ళయింది! ఇంగ్లీషులో 'తెల్ల ఏనుగు' అని ఒక మాటుంది. సయాం రాజుకి ఎవడిమీదైనా కోపమొస్తే వాడికో తెల్ల ఏనుగుని బహుమానంగా పంపేవాడట. పవిత్రమైంది కనక పని చేయించకూడదు, వదిలించుకోకూడదు. మేపలేక మేపలేక వాడు దివాలా తీసేవాడు. అలా మెడకి చుట్టుకున్నదాన్నే తెల్ల ఏనుగంటారు. నీ కోడె అచ్చం అదే! నేన్నీకేం అపకారం చేశాను మావయ్యా?

ఏడుపొక్కటే తక్కువైన గణపతిరావు

తా.క.: ఈ వారం దాటితే నా సామాను వీధిలో పెడతానంది ఇంటావిడ. కోడె ఉండొచ్చట. దేవుడిది కదా!

చీపురుపల్లి

ఒరే అల్లుడూ,

సయాం రాజు కథ ఇంటిల్లిపాదికీ సదివి వినిపించినాను. ఆ రాజు బుద్దిమంతుడురా! ఏం అపకారమని అడిగినావు కదా, సెప్తాను. ఉద్యోగం రాగానే మా పిల్ల చిన్నతల్లిని సేసుకుంటానని నా ముందర మాటిచ్చింది ఎవులు? ఉద్యోగమొచ్చి ఏడాదైనాది. ఒక్క ఉత్తరం ముక్క రాసినావా? కోడెకోసమైతే పేజీలకి పేజీలు రాస్తన్నావు! పిల్ల మొహం సూడలేక నాకు ఒళ్ళు మండిపోనాది. కొడదామంటే సెల్లి కొడుకువి, సెయ్యి రాలేదు. అందుకే కోడెని కట్టినాను.

వైశాఖంలో లగ్గం పెట్టించినాను. నువ్వూ కోడే కలిసి రండి. తాళి కట్టగానే దాన్ని కొండకి తోలేద్దాం.

మీ సయాం రాజు,
అప్పలసూరి

తా.క.: ఉపాయం నాది కాదు, చిన్నతల్లిది. నువ్వు రాకపోతే ఇంకో కోడెని కూడా మొక్కుతాదట. అది పొడుస్తాదని రాయమంది.