సాధువుగారి అక్క

మద్రాసు

అక్క తయ్యల్‌నాయకికి వైద్యలింగం దండాలు.

నాటకాల కంపెనీలో చేరానని, నేను బతికుండగానే చచ్చానని నా పేరు చెప్పి తలస్నానం చేశావు. ఆ తడి ఇప్పటికైనా ఆరి ఉంటుందని రాస్తున్నాను. మేం తీసిన సాధువు చరిత్ర టాకీ వచ్చే వారం మన మాయవరం సినిమా డేరాకు వస్తోంది. అందులో నాకూ వేషముంది. ఏ వేషమో నువ్వే పోల్చుకో.

ఇంకా నీ తమ్ముణ్ణే అయితే,
నీ తమ్ముడు వైద్యలింగం

తా.క. బావను చెప్పులు బయట విడవొద్దను. డేరా దగ్గర పోతాయి.

*

మాయవరం

చిరంజీవి వైద్యలింగానికి అక్క ఆశీస్సులు.

చూశాను. భక్తి సినిమాకు కాళ్ళకు చెప్పులుండకూడదని జనమంతా విప్పి ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. మీ బావ తనవి నాకిచ్చి సోడాకు వెళ్ళారు. నువ్వు విభూతి పూసుకుని పాడుతుంటే తెర ముందు కర్పూరం వెలిగించారు. గడ్డంలో ముఖం ఆనలేదు కానీ, సాధువంటే నా తమ్ముడే అనుకున్నాను. కొరడావాడొకడు వచ్చి నిన్ను కొట్టగానే ఒళ్ళలోని చెప్పులన్నీ లేచాయి.

వచ్చే నెల మా పొన్నికి చెవులు కుట్టిస్తున్నాం. పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. రా.

నీ అక్క

తా.క. నేనూ ఒక చెప్పు విసిరాను. మీ బావది.

*

మద్రాసు

అక్కకు దండాలు.

నీ ఉత్తరం చదివి స్టూడియో మెట్ల మీదే కూర్చుండిపోయాను. రావాలనే ఉంది. కానీ షూటింగులు, పైగా గొంతు కూడా బాగాలేదు. పొన్నికి ముద్దులు.

వైద్యలింగం

తా.క. కొరడావాడి మీద మరీ అంత కోపం వద్దు. అది నారతో పేనిన కొరడా. అయినా కొట్టాక అతనే సాధువుగారి వీపుకు కొబ్బరినూనె రాశాడు.

*

మాయవరం

చిరంజీవికి ఆశీస్సులు.

గొంతు సంగతి నాకు చెప్పకు. నువ్వు వస్తున్నావని వీధికంతా తెలిసిపోయింది. స్టేషన్లో నాదస్వరం, గుమ్మంలో పూర్ణకుంభం. ఎదురింటి ముసలావిడ నీ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తల మీద చల్లుకుంటానంటోంది. ముహూర్తం శుక్రవారం.

సాధువుగారి అక్క, తయ్యల్‌నాయకి

తా.క. కాళ్ళు శుభ్రంగా తోముకుని రా.

*

మద్రాసు

అక్కా,

ఇక దాచలేను. నేను సాధువును కాను, ఆ కొరడావాణ్ణి. నాకు పాటెక్కడిది? చిన్నప్పుడు నేను శివుడి మీద తేవారం పాట ఎత్తుకుంటే చెవులు మూసుకున్నది నువ్వే కదా. ఇన్నేళ్ళకు నన్ను చూసి గర్వపడ్డావు. నీ ఎదుట నిలబడి ఆ ముఖం వాడిపోవడం చూడలేను. పొన్నిని ఇంకెవరి ఒళ్ళోనైనా కూర్చోబెట్టు.

వైద్యలింగం

తా.క. కమ్మలు పార్సిలు చేశాను. చిన్నవే.

*

మాయవరం

ఒరే వైద్యం,

నీ ఉత్తరం, కమ్మలు శనివారం అందాయి. అంతకు ముందురోజు వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా కంసాలిని ఆగమన్నాను. చివరికి పక్కింటాయన ఒళ్ళో కుట్టించాం. పిల్ల ఏడ్చింది. కుట్టింది నాకు కాకపోయినా నేనూ ఏడ్చాను.

నిన్ను మొదటి రోజే పోల్చానురా. కొరడా ఎడమచేత్తో పట్టావు. ఆ అలవాటు మాన్పించాలని నాన్న నిన్ను ఎంత కొట్టారో నాకు తెలియదా? కొరడావాడివని నాకు తెలిసిందంటే సిగ్గుపడి రావేమోనని సాధువన్నాను. ఊళ్ళో నిన్నెవరూ పోల్చలేదు. నాదస్వరం, పూర్ణకుంభం నేను కల్పించినవే, ఆ మర్యాద కోసమైనా వస్తావని. కాస్త ఎక్కువ చేశాను. ఆనాటి తలస్నానమూ ఎక్కువే చేశాను. ఇప్పుడు ఏ ముహూర్తమూ లేదు. ఊరికే రా.

నీ అక్క

తా.క. చెప్పు విసిరింది మాత్రం నిజం. తెర మీదికి కాదు, ముందు వరసలో నిన్ను తిట్టినవాడి మీదికి. అది తిరిగి దొరకలేదు. మీ బావ మిగిలిన చెప్పు చూపించి రోజూ అడుగుతున్నారు. వచ్చేటప్పుడు ఒక జత పట్రా.