పాపకు కంప్యూటరు వేసిన నక్షత్రం

చెంగల్రాయా,

కాళ్లు కడుక్కుని వంటింట్లోనే కూర్చో. సంగటి మూసి పెట్టినాను, చింతాకు పప్పు వేడి చేసుకుని తిను. అక్క ఉన్న గదిలోకి మాత్రం పోవద్దు. పాప ముఖం నువ్వు ఇంకా చూడకూడదు.

కోపం తెచ్చుకోవద్దు నాయనా. మీ బావ మాట మీద తిరుపతిలో ఒక అంగట్లో పాపకు కంప్యూటరు జాతకం వేయించినాము. పుట్టింది రాత్రి పన్నెండు దాటినాక. ఆ మిషను మధ్యాహ్నం అనుకుని, రోహిణి నక్షత్రమని అచ్చు వేసి ఇచ్చింది. రోహిణి అయితే మేనమామకు గండం. మన అయ్యవారు పంచాంగం చూసి కృత్తికే అన్నారు.

రెండుసార్లు పోయి అడిగినాను. మళ్లీ వేసినా మధ్యాహ్నమే వస్తుంది. "మిషను తప్పు సెప్పదుమా, మీరే టైము మరిసిపోయుంటారు" అంటాడు ఆ అంగడాయన. పురిటి మంచం పక్కన నిలబడిన నాకు తెలియదంట. "దాన్ని సరిచేసే ఆయన మద్రాసు నుంచి రావల్ల, రేపు రాండి" అని పంపించేస్తాడు. ఈ రోజైనా వచ్చి ఉంటాడేమో అని మళ్లీ పోతున్నాను. ఆ బస్సు ఎక్కి దిగే ఓపిక నాకు లేదు. తప్పని తెలిసినా, ఆ కాగితం మార్పించేదాకా ఊరుకోలేను.

నేను వచ్చేదాకా ఆగు.

అమ్మ

ఆగలేవని నాకు తెలుసు. గది వాకిట్లో గిన్నెలో నువ్వుల నూనె పోసి పెట్టినాను. పాపను అక్క ఎత్తి చూపిస్తుంది, ముందు ఆ నూనెలో నీడ చూడు. అట్లా చూస్తే దోషం ఉన్నా పోతుందని అయ్యవారు అన్నారు. తర్వాత ఎత్తుకో. ముక్కు నీదే.