ఉప్పు కాపడం

చెల్లె బాలనర్సమ్మకు,

నువ్వు ఫోన్ ఎత్తుతలేవని కాయిదం రాస్తున్న. రామన్నపేటల కూర్చుండి నెల దినాల నుంచి ఏడుస్తున్నవని నీ కోడలు చెప్పింది. జర ఆపి చదువు. అక్షరాలు వంకరగ ఉన్నయని నవ్వకు, వేలు తెగకముందు కూడ గంతే.

గడ్డి కోసే మిషన్ల తెగిన వేలును పట్నం డాక్టర్లు అతికించి కుట్టిండ్రు. నరాలకు పాణం వచ్చేదాక వేడి తెల్వదు, కాలినా తెల్వదు, పైలం అని నాకు చెప్పిండ్రు. నీకు నేను చెప్పలేదు. నువ్వు వచ్చి, ఉప్పు మూటతో కాపడం పెడితే వేలు మేల్కొంటదన్నవు. "కాలుతున్నదా అన్నా?" అని మూడుసార్లు అడిగినవు. "ఏం తెలుస్తలేదు, ఇంకింత వేడి చెయ్" అన్నది నేనే. బొబ్బ లేసింది నా మొండితనంతోని. ఈ మాట రెండోసారి చెప్పను.

డాక్టరు నన్ను మంచిగ తిట్టి, వేలు పోదన్నడు. పుండు మానింది. ఇప్పుడు చాయ గిలాసను గూడ ముందు ఎడమ చేత్తో పట్టి చూస్తున్న.

నిన్న పచ్చిమిరపకాయలు తుంచుతుంటే ఆ వేలి కొస మండింది. వేలు తెగినంక ఐదు నెలల్ల ఇదే మొదలు. కండ్లల్ల నీళ్లు చూసి మీ వదిన, "ఏం ముసలోడా, ఏడుస్తున్నవా?" అన్నది. కారం ఘాటు అన్న.

ఐతారం రా. జొన్నరొట్టె చేసి, జర సల్లారినంక నా చేతిల పెట్టు. కాలుతున్నదా అని మల్ల అడుగు. ఈసారి సరిగ్గ చెప్త.

నీ అన్న