కాలిన నాలుగెకరాలు

కొండపల్లి,
11 మే 2006

మార్తక్కా,

ఎనిమిదేళ్ల తర్వాత ఖుర్షీదా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావేమో. నీ క్షేమం అడిగే ముఖం నాకు లేదు. అందుకే అడగకుండానే మొదలుపెడుతున్నాను.

మనం కొండవాలు మీద నాటిన మొక్కలు ఇప్పుడు అడివైపోయాయక్కా. పొణికి చెట్ల వరసల మధ్య ఏటా సీతాఫలాలు విరగకాస్తున్నాయి, ఖాళీల్లో కంది వేసుకుంటున్నాం. బొమ్మలు చేసేవాళ్లు ఈ ఏడే మొదటిసారి మన పొణికి కొమ్మలు కొట్టుకెళ్లారు. నెమళ్లు కూడా వచ్చాయి. ఆ కాలిపోయిన నాలుగెకరాల్లో మాత్రం ఇప్పటికీ గడ్డే. అటు వెళ్లినప్పుడల్లా తల తిప్పుకుంటాను. పోయిన నెల నన్ను వన సంరక్షణ సమితికి అధ్యక్షురాలిని చేశారు. దండ వేస్తుంటే తలెత్తలేకపోయాను.

ఇక చెప్పేస్తాను. ఆ వేసవిలో కొండ తగలబడిన రోజు కాపలా వంతు నాది. నేను కొండ మీద లేను. చెల్లెలు అఫ్సా నిఖాకు గాజులు కొందామని, ఎవరికీ చెప్పకుండా విజయవాడ వన్ టౌన్‌కు వెళ్లాను. రెండు గంటల్లో వచ్చేయొచ్చనుకున్నాను. ఆ కొట్టూ ఈ కొట్టూ తిరిగి సాయంత్రం చేశాను. తిరుగు బస్సులోంచే పొగ చూశాను.

మర్నాడు సభలో అప్పటి అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారు, "కాపలా ఎవరిదమ్మా?" అన్నారు.

"నాదేనండీ."

"మరి పైకెవరెక్కారో చూళ్లేదా?"

వెనకనుంచి ఎవరో, "తేనెపట్లకు పొగబెట్టేది మార్త మొగుడు మరియదాసేగా" అన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను. "ఔనండీ, మరియదాసన్న దిగి రావడం చూశాను" అన్నాను. అన్న ఒక్కసారి తలెత్తి నా వంక చూసి, మళ్లీ దించుకున్నాడు. చేతులు కండువా కిందే ఉంచుకుని నిలబడ్డాడు. మిమ్మల్ని సమితిలోంచి తీసేశారు. వారం తిరక్కుండానే మీరు చెరకు కూలికని ఉయ్యూరు వెళ్లిపోయారు. కుండలతో నీళ్లు మోసి నువ్వు బతికించిన చెట్ల కింద నేను నీడపట్టున కూర్చుంటున్నాను.

ఈ నెలాఖరు సభలో ఇదంతా చెప్పి, పదవిలోంచి తప్పుకుంటాను. ముందు మీకు తెలియాలని రాస్తున్నాను. క్షమించమని అడగను.

నీ చెల్లెలినని చెప్పుకోలేని
ఖుర్షీదా

ఉయ్యూరు,
16 మే 2006

ఖుర్షీదా,

నీ ఉత్తరం మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. "అయితే ఆ పిల్ల నన్ను చూళ్లేదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

నువ్వు చెప్పింది అబద్ధమే, కానీ జరిగింది మాత్రం అదే. ఆ రోజు ఆయన తేనెపట్టుకు పొగబెట్టాడు. కాపలా మనిషి లేదని చూసుకునే ఎక్కాడు. నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడింది. మండలు విరిచి కొట్టాడు. అవీ అంటుకుంటే ఉత్త చేతులతో కొట్టాడు. "ఇంకొక్క మనిషి ఉంటే ఆరిపోయేదే" అని ఇప్పటికీ అంటాడు. ఆ రోజు సభలో కండువా కింద దాచుకున్నది కాలిన చేతుల్నే. నువ్వు నిజంగా చూశావనుకునే నోరెత్తలేదు. చూసింది చెప్పావు, అందులో నీ తప్పేముందని ఇన్నాళ్లూ నిన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇవాళ మాత్రం నోటికొచ్చినట్టు తిట్టానమ్మాయ్, గాజుల కోసమా అని. తిట్టి తిట్టి ఏడ్చాను.

సభలో నువ్వొక్కదానివే చెప్పకు. మేమూ వస్తున్నాం. ఆయన మాట ఆయన చెబుతాడు, నీ మాట నువ్వు చెప్పు. ఆ తర్వాత ఊరు ఏమంటే అది పడదాం. తప్పుకుంటానన్నావే, అది మాత్రం కుదరదు. తొలకరికి ఆ నాలుగెకరాల్లో మొక్కలు పడాలి. ఆయన వేళ్లు ముడుచుకుపోయాయి, గడ్డపార పట్టలేడు. మొక్కలు నేను మోస్తాను. గుంతలు నువ్వు తవ్వాలి.

మార్త